రాణిగారి ఏడుపు సీను

ఆ రోజుల్లో పాపాలన్నీ పెద్దవాళ్ళే చేస్తారని నాకు గట్టి నమ్మకం ఉండేది. కుట్రలు మంత్రులు పన్నుతారు, హత్యలు సేనాపతులు చేస్తారు, పదో తరగతి చదివే ఆడపిల్లలు మహా అయితే పక్కదాని నోట్సు చూసి రాస్తారు. ఆదివారం పూజలో ఫాదర్ "మనమందరం పాపులం" అన్నప్పుడల్లా నేను తల తిప్పి వెనక బెంచీల వాళ్ళని జాలిగా చూసేదాన్ని. ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. గ్రామ సచివాలయంలో కూర్చుని పొద్దస్తమానం జనానికి సర్టిఫికెట్లు ప్రింటు తీసి ఇస్తుంటాను. ఎదుటి కుర్చీలో మనిషి నిజం చెప్తున్నాడా, అబద్ధం చెప్తున్నాడా అన్నది ముఖం చూసి పోల్చేస్తానని మా ఆఫీసులో నాకు పేరు. ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నావని ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి పరువు నిలబడింది. అరకులో, ఒక చలికాలం, రాణి వేషం కోసం నేర్చుకున్నాను. నేను చదివింది వేరేవాళ్ళ ముఖం కాదు, నాదే.

మా నాన్న అక్కడ సిస్టర్ల స్కూల్లో లెక్కల మాస్టారు. బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్కూలు కాంపౌండులోనే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మిగతా పిల్లల్లో ఎక్కువమంది కొండ ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు. వాళ్ళు చన్నీళ్ళతో స్నానం చేసి వణుకుతూ ప్రేయరుకొస్తే, నేను అమ్మ కాచిన వేణ్ణీళ్ళు పోసుకుని, రెండు జడల్లో రిబ్బన్లు పెట్టుకుని వచ్చి ముందు వరసలో నిలబడేదాన్ని. ప్రతిజ్ఞ చదివేది నేను, కలెక్టరుగారు వస్తే బొకే ఇచ్చేది నేను. (ఆయన ఒక్కసారే వచ్చారు. బొకే ఇచ్చి నేను చేసిన ఉపన్యాసం అయ్యేలోపు ఆయన కారెక్కేశారు. అయినా పూర్తి చేశాను.) స్కూల్లో ఏ పెద్దపని వచ్చినా అది నాదేనని నేను అనుకోవడం కాదు, నాకు తెలుసు, అంతే.

అలాంటి నాకు రాణి వేషం రాలేదు. మాకు ఇంగ్లిష్ చెప్పే సిస్టర్ ఎంత పొడుగంటే, బోర్డు పైఅంచు మీద కూడా కుర్చీ ఎక్కకుండా రాసేది. మేం పొడుగు సిస్టర్ అనేవాళ్ళం. ఆవిడ కాలేజీలో చదువుకున్న పాతకాలపు ఇంగ్లిష్ విషాద నాటకాల ఫక్కీలో తెలుగులో తనే ఒక నాటకం రాసింది. ఒక సేనాపతి, అతని భార్య. ఆమెకి రాణి కావాలని ఆశ. రాజు ఒకనాడు వాళ్ళింటికి అతిథిగా వస్తాడు. అన్నం తిని నిద్రపోతాడు. భార్య ఎగదోస్తే సేనాపతి రాజుని నిద్రలోనే పొడిచి చంపుతాడు. సింహాసనం దక్కుతుంది కానీ నిద్ర దూరమవుతుంది. చివరికి రాణికి మతి చలించి, ఖాళీ మంచం పక్కన కూర్చుని, దాని మీది దుప్పటిని జోకొడుతూ "పడుకోండి మహారాజా, ఇంకా తెల్లారలేదు" అంటూ ఏడుస్తుంది. ఆ సీను సిస్టర్ క్లాసులో చదివి వినిపించినప్పుడు మా బెంచీ అంతా ముక్కులు చీదుకున్నాం. ఆ క్షణమే ఆ ఏడుపు నాదని తీర్మానించుకున్నాను. అమ్మ పెళ్ళినాటి ఊదారంగు పట్టుచీర కూడా మనసులోనే కుచ్చిళ్ళు పెట్టేసుకున్నాను.

సిస్టర్ ఆ వేషం మైకుకి ఇచ్చింది. అసలు పేరు వేరే ఉంది కానీ, దాని గొంతు విన్నవాళ్ళెవరూ ఆ పేరు వాడలేదు. చిన్నప్పుడు ఈ కొండ మీద నిలబడి ఆ కొండ మీది ఆవుల్ని పిలిచిన గొంతు అది. మా స్కూల్లో కరెంటు పోతే ప్రార్థనకి దాన్నే నిలబెట్టేవాళ్ళు. బొర్రా స్టేషన్లో దిగి రెండు గంటలు ఎక్కితే వాళ్ళ ఊరు. అమ్మ లేదు, తాతా మామ్మా పెంచారు. ఆ తాత వాళ్ళ ఊరికి పెద్ద. మైకు నాకు మంచి స్నేహితురాలు, అంటే లెక్కలు నా దగ్గర చెప్పించుకునేది, మధ్యాహ్నం నా డబ్బాలో పచ్చడి తినేది, నేనేం చెప్పినా నమ్మేది. మొదటి రిహార్సల్లో అది ఆ ఖాళీ దుప్పటి మీద చెయ్యి వేసి మెల్లగా తట్టడం మొదలుపెట్టేసరికి వంటామె కూడా గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. నాకు చెలికత్తె వేషం ఇచ్చారు. ఒకే మాట, "చిత్తం మహారాణీ."

వారం రోజులు చిత్తం మహారాణీ, చిత్తం మహారాణీ అంటూ తిరిగాను. ఎనిమిదో రోజు శుక్రవారం, సంత.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. హాస్టలు పిల్లల్ని సంతకి పంపేవారు కాదు. కొండ ఊళ్ళ నుంచి సరుకు మోసుకొచ్చిన అమ్మానాన్నలకి, అమ్మకం అయ్యేసరికి తిరుగు జీపు టైమైపోయేది. స్కూలు దాకా రాలేక, సంతకొచ్చిన మా క్వార్టర్సు వాళ్ళ చేతే కబురు పంపేవారు. "మా గుంటకి సెప్పండమ్మా, మేక ఈనిందని." (గుంట అంటే మా వైపు ఆడపిల్ల.) "పైవారం నానొస్తానని సెప్పండి." ఊళ్ళలో సిగ్నల్ లేదు, ఫోన్లు లేవు. ఆ హాస్టల్లో ఉత్తరం కంటే కబురుకి ఎక్కువ విలువ. తెచ్చినవాళ్ళు ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తగ్గించకూడదు. అమ్మా నేనూ ప్రతి శుక్రవారం కూరగాయల సంచితోపాటు పదీ పదిహేను కబుర్లు మోసుకొచ్చేవాళ్ళం. ఎంతమంది తెచ్చినా, ఎన్నేళ్ళు తెచ్చినా, ఒక్క అబద్ధపు కబురు ఆ గేటు దాటి లోపలికి రాలేదు. అందుకే ఎవరూ అనుమానించేవారు కాదు. అందుకే నాకు అంత సులువైంది.

సిస్టర్ ఆఫీసు గది బయట నిలబడి, మిగతా కబుర్లన్నీ అప్పజెప్పి, చివర్న అన్నాను. "మైకు వాళ్ళ ఊరామె కనిపించింది సిస్టర్. కాఫీ పళ్ళు ఏరడానికి మనుషుల్లేరట. వాళ్ళ తాత దాన్ని పంపమన్నాడట." కాఫీ పళ్ళు పండే రోజులు. ప్రతి ఏడూ ఎవరో ఒకరికి అలాంటి కబురు వచ్చేదే. నా లెక్క ప్రకారం మైకు పది రోజులు వెళ్ళి వస్తుంది, ఈలోగా వేషం నాకొస్తుంది, వచ్చాక చెలికత్తె అది చేస్తుంది. ఎవరికీ నష్టం లేదు.

పొడుగు సిస్టర్ పెన్ను కింద పెట్టింది. "పళ్ళకని వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారని నాకు నమ్మకం లేదమ్మా," అంది. "కిందటేడు ఇలాగే వెళ్ళిన పిల్ల రాలేదు. అడిగితే పెళ్ళయిపోయిందన్నారు. ఇది పబ్లిక్ పరీక్షల సంవత్సరం." తర్వాత మళ్ళీ పెన్ను తీసుకుని, "అయినా పెద్దవాళ్ళు పిలిస్తే మనం ఆపలేం," అంది.

అప్పుడైనా నోరు తెరిచి ఉండొచ్చు. సరిగ్గా వినలేదేమో సిస్టర్, ఇంకెవరి గురించో చెప్పినట్టున్నారు అంటే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ దాని పక్కనే ఊదారంగు పట్టుచీర కూడా ఉంది. నేను మాట్లాడలేదు. కత్తి పట్టుకున్నది ఎవరైనా కావచ్చు, చంపడం అన్నది అలా మాట్లాడకుండా నిలబడిన ఆ అర నిమిషంలోనే జరుగుతుందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం రైలుకి, బొర్రా వైపు వెళ్ళే వంటామెని తోడిచ్చి మైకుని పంపారు. ట్రంకుపెట్టె కూడా పట్టుకెళ్ళింది. వెళ్ళేముందు మాటల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే సెయ్యి. నీకన్నీ వచ్చు కదా. ఆ దుప్పటి సీను దగ్గర మాత్రం బేగి బేగి తట్టకు. మెల్లగ తట్టాల. మా మామ్మ నన్నలాగే తట్టేది," అంది. నేను సరేనన్నాను. అది నాకు ఇంకా రెండు మూడు మెలకువలు చెప్పింది. అన్నీ రాసుకున్నాను.

వేషం వచ్చింది కానీ ఏడుపు రాలేదు. రిహార్సల్లో నేను ముఖం ముడిస్తే పిల్లలు నవ్వేవారు. "నీకు దిగుల్లేదమ్మా," అనేది సిస్టర్. "రాణికి లోపల ఏదో కొరుకుతోంది. అది కనపడాలి." ఇంట్లో సాధన మొదలుపెట్టాను. ఆదివారం మధ్యాహ్నం నాన్న నిద్రపోతుంటే పక్కన కూర్చుని, దుప్పటి మీద మెల్లగా తడుతూ, "పడుకోండి మహారాజా" అని గొంతు వణికించాను. నాన్న ఉలిక్కిపడి లేచి, "ఏటైందే నాకు?" అని అమ్మని కేకేశాడు. (ఆ సాయంత్రమే వెళ్ళి బీపీ చూపించుకున్నాడు. బాగానే ఉందట.)

పదో రోజు మైకు రాలేదు. పన్నెండో రోజూ రాలేదు. పొద్దున్న హాజరు పిలిచేటప్పుడు దాని పేరు దగ్గర సిస్టర్ ఒక క్షణం ఆగి, నా వైపు కాదు, తలుపు వైపు చూసి, తర్వాతి పేరుకి వెళ్ళేది. ఆ ఒక్క క్షణం నేను పుస్తకంలోకి తల దూర్చేదాన్ని. పెళ్ళి చేసేశారా? నా మూలంగా దాని చదువు పోయిందా? రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు, అన్నం సయించేది కాదు. ఇదిగో, సరిగ్గా అప్పుడు నా నటన బ్రహ్మాండంగా కుదిరింది. ఖాళీ మంచం చూడగానే నాకు హాస్టల్లో మైకు మంచం కనపడేది. దుప్పటి మీద చెయ్యి వేసీ వెయ్యగానే కన్నీళ్ళు కారిపోయేవి. పిల్లలు నవ్వడం మానేశారు. సిస్టర్ నా భుజం పట్టుకుని, "ఇన్నాళ్ళకి పట్టుకున్నావమ్మా," అంది. సిగ్గు లేకుండా సంతోషించాను. ఇంటికొచ్చి మళ్ళీ ఏడ్చాను. రెండూ నిజమే.

పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి కూడా వెళ్ళాను. గుడిలో ఆ చెక్కపెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జాలీ అవతలి ఫాదర్‌కి చెప్పుకోవాల్సిందంతా చెప్పుకున్నాను. తమ్ముడి బిస్కెట్లు తిన్నాను, అమ్మకి ఎదురు చెప్పాను, ప్రార్థనలో కునికాను. "ఇంకేమైనా ఉందా?" అన్నారాయన. "లేదు ఫాదర్." మూడు ప్రార్థనలు శిక్ష వేసి పంపించారు. బిస్కెట్ల భారం మాత్రం పూర్తిగా దిగిపోయింది.

క్రిస్మస్ సెలవులకి ఇంకా వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం వార్షికోత్సవం. వరండాయే స్టేజీ, రెండు దుప్పట్లే తెర. ముందు మైదానంలో ఎండ పొడ చూసుకుని జనం కూర్చున్నారు. పొద్దుటి రైలుకి కొండ ఊళ్ళ నుంచి కూడా చాలామంది వచ్చారు. నేను ఆఫీసు గది పక్కన పట్టుచీరలో కూర్చుని కాటుక పెట్టించుకుంటున్నాను. అప్పుడు గేటులోంచి భుజాన గొంగళి, చేతిలో కర్రతో పొట్టిగా ఒక ముసలాయన, వెనక నెత్తి మీద ట్రంకుపెట్టెతో మైకు వచ్చారు.

ముసలాయన నేరుగా సిస్టర్ దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. "పళ్ళ టైముకి గుంటకి సెలవిచ్చి పంపినావమ్మా, మా ముసలిదానికి జరం, సేతికి మనిసి లేదు, మంచి పని సేసినావు," అన్నాడు. సిస్టర్ కళ్ళద్దాలు సర్దుకుంది. "నేను సెలవివ్వడమేమిటి తాతగారూ, మీరే కదా కబురు..." అంటుండగానే మైకు తన గొంతంతా వాడి, "సిస్టర్, నా ట్రంకు ఎక్కడెట్టాల? పాత మంచం నాకే ఉందా?" అని అడిగింది. సిస్టర్ దాన్ని చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి, కాటుక సగం పెట్టిన నన్ను చూసింది. "నీ మంచం అలాగే ఉందమ్మా," అంది మైకుతో. నాతో, "వెళ్ళి సిద్ధంగా ఉండు," అంది. అంతే. అరవలేదు, అడగలేదు. అరిచి ఉంటే బావుండేది.

మైకు వచ్చేసింది, చదువు పోలేదు అని ముందు సంతోషించాను. వెంటనే మరో సంగతి తట్టింది. తాత ఏ కబురూ పంపలేదని, ఆ అబద్ధం నాదేనని ఇంటికెళ్ళిన రోజే దానికి తెలిసిపోయి ఉంటుంది. తెలిసీ తాతకి చెప్పలేదు, సిస్టర్‌కి చెప్పనివ్వలేదు. ఇప్పుడు తాత పక్కన ముందు వరసలో కూర్చుని నా నాటకం చూడబోతోంది.

తెర లేచింది. రాజు వేషం మా క్లాసు లడ్డుది. స్టేజీ మీద నిజం అన్నం పెడితేనే వేస్తానని పట్టుబట్టింది కాబట్టి, హాస్టలు వంటింటి నుంచి అన్నం, కోడికూర తెప్పించారు. అడ్డాకు విస్తరి వేసి నేనే వడ్డించాను. లడ్డు ఏ నటుడూ తినలేనంత సహజంగా తింది. మారు అడిగి మరీ తిని, "మీ ఇంటి అన్నం తిన్నాను, ఇక నిశ్చింతగా నిద్రపోతాను," అని మంచమెక్కి, అన్నట్టుగానే నిద్రపోయింది. సేనాపతి వేషం, బాగా సన్నంగా ఉంటుందని మేం కర్ర అని పిలిచే పిల్లది. నేను దాన్ని ఎగదోశాను. అది చెక్కకత్తితో పొడిచింది. లడ్డు ఉలిక్కిపడి లేచి, "అయిపోనాదా?" అని అడిగి మళ్ళీ పడుకుంది.

ఎవరూ నవ్వలేదు. మైకు వాళ్ళ తాత లేచి, చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి వరండా మెట్టు దగ్గర నిలబడ్డాడు.

"ఆపండమ్మా," అన్నాడు.

"ఇంకా మూడు సీన్లున్నాయి తాతగారూ," అంది సిస్టర్.

"ఉంటాయమ్మా. ఆ మనిసి ఈళ్ళింట కూడు తిన్నాడు. అందరం సూసినాం, ఈ గుంటే వడ్డించినాది. తిన్నోణ్ణి నిద్దట్లో సంపీసినారు. కూకుని మాటాడకుండా కత ముందుకెలగెల్తాది?"

వెనక కూర్చున్న ఊళ్ళవాళ్ళందరూ అవునవునని తలలూపారు. సిస్టర్ ఓపిగ్గా చెప్పింది, ఇది కథ అని, పాపం చేసినవాళ్ళు ఎంత బాధపడతారో చివర్లో చూపిస్తామని.

"సివర్నా?" అన్నాడాయన. ఆశ్చర్యంగా మా ఇద్దరినీ చూశాడు. "అంతవరకూ ఈళ్ళనలాగే ఒగ్గేస్తారా? సిన్న గుంటలు కదమ్మా. తప్పు సేసినోళ్ళని ఒక్క పూటయినా ఒంటరిగా ఒగ్గీకూడదు."

వాళ్ళ ఊళ్ళలో పద్ధతి అదని తర్వాత తెలిసింది. తప్పు జరిగితే అదే రోజు అందరూ కూర్చుంటారు. చేసినవాళ్ళు నలుగురిలో ఒప్పుకోవాలి. ఆపైన అక్కడే వండి, చేసినవాళ్ళూ నష్టపోయినవాళ్ళూ ఒకే విస్తట్లో తినాలి. తిన్నాక దాని సంగతి అయిపోయినట్టే. మళ్ళీ ఎవరు ఆ మాటెత్తితే వాళ్ళదే తప్పు. సిస్టర్ ఏదో అనబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. చీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని వరండా మెట్ల మీద కూర్చుంది. అంత పొడుగు మనిషి కూర్చుంటే తాత ఎత్తుకి వచ్చింది.

సేనాపతి వేషంలో ఉన్న కర్ర వెంటనే చేతులెత్తేసింది. "నాను సంపనన్నాను తాతా. ఈ రాణే సంపమన్నాది."

అందరూ నన్ను చూశారు. "నిజమేనా?" అన్నాడు తాత.

"నిజమే."

"ఎందుకు?"

"రాణినవ్వాలని."

"రాణివైతే ఏటొస్తాది?"

వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను ఆలోచించాను. ఇన్ని రోజుల్లో ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోనేలేదు. "ఏటీ రాదు," అన్నాను. "తప్పయింది."

"నాతో కాదు. పోయినోళ్ళ దిక్కు సూసి సెప్పు."

లడ్డు మంచం మీద లేచి కూర్చుని, చొక్కా మీది కుంకుమరంగు నెత్తురు తుడుచుకుంటోంది. దాన్ని చూసి "తప్పయింది" అన్నాను. ముందు వరస వైపు చూడాలనుకున్నాను. మెడ తిరగలేదు. నలుగురిలో నిలబెట్టి, ఇంత సౌకర్యంగా అడిగినా, అసలు తప్పు నోట్లోంచి ఊడిపడలేదు. చెక్కపెట్టె ముందు ఎలా దాచానో అలాగే దాచేశాను.

"రాజు సచ్చిపోనాడు, ఆడు తినలేడు," అన్నాడు తాత. "ఆడి తరఫున సుట్టమెవరు?"

నాటకంలో రాజుకి చుట్టాలెవరూ లేరు. సిస్టర్ రాయలేదు. ఎవరూ లేవలేదు. అప్పుడు మైకు లేచి, "నానుంటాను తాతా," అని మెట్లెక్కి వచ్చింది. లడ్డు తినగా మిగిలిన అన్నం, కూర కొత్త విస్తట్లో పెట్టారు. అది నా ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. పళ్ళు ఏరిన వేళ్ళు నల్లగా మరకలు కట్టి ఉన్నాయి. నేను చెయ్యి పెట్టలేకపోతున్నాను. అది ఒక ముక్క నా వైపు తోసి, "తిను. బేగి తిను, అందరూ సూత్తన్నారు," అంది, మామూలుగా, మధ్యాహ్నం నా డబ్బాలో పచ్చడి తినేటప్పుడు మాట్లాడే గొంతుతో. తిన్నాను. ఊదారంగు పట్టుచీర మీద కోడికూర కారింది. ఆ మరక అమ్మ ఎన్ని రకాలుగా ఉతికినా పోలేదు.

చేతులు కడుక్కున్నాక సిస్టర్ లేచి, "ఇక మిగతా సీన్లు వేస్తాం," అంది. తాత అప్పటికే గొంగళి భుజాన వేసుకున్నాడు.

"ఇంకేటుందమ్మా? అయిపోనాది కదా."

"రాణి ఏడ్చే సీనుంది."

"కూడు తినీసినాక ఇంకా ఏడుపేటమ్మా," అన్నాడు. జనం నవ్వుతూ లేచారు. తిరుగు రైలుకి టైమైంది కూడా. పది నిమిషాల్లో మైదానం ఖాళీ. ఏ సీను కోసం అంత పని చేశానో, ఏ సీను కోసం నిజం కన్నీళ్ళు కూడబెట్టుకున్నానో, ఆ సీను ఎవరూ చూడలేదు. ఖాళీ మంచం, మడత దుప్పటి తెర వెనక అలాగే ఉన్నాయి. లడ్డు వెళ్ళి ఆ దుప్పటి కప్పుకుని పడుకుంది.

మైకు హాస్టల్లో ఉండిపోయింది. నా దగ్గరే లెక్కలు చెప్పించుకుంది, పదో తరగతి పాసైంది. తర్వాత ఇంటరు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది. ఇన్నేళ్ళలో ఆ కబురు మాట అది ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాలని మాత్రం ప్రతి ఏడూ అనుకునేదాన్ని. దాని పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేస్తూ కూడా, ఇప్పుడు చెప్పేస్తే, అనుకున్నాను. (పెళ్ళిపీటల మీద. నా తెలివి ఎప్పుడూ అంతే.) అది పొరపాటున ఫోనెత్తకపోతే కోపం వచ్చిందేమో, తెలిసిపోయిందేమో అని భయపడేదాన్ని. తెలిసిపోవడమేమిటి, మొదటి రోజే తెలుసు కదా అని మళ్ళీ నేనే గుర్తు చేసుకునేదాన్ని.

ఇప్పుడది బొర్రా గుహల దగ్గర గైడు. యాత్రికులకి అరిచి చెప్పడానికి దానికి ఏ మైకూ అక్కర్లేదు. మొన్న చలికాలం కూతురి సర్టిఫికెట్ కోసం మా సచివాలయానికి వచ్చింది. ప్రింటరు మొరాయించింది. టీ తెప్పించాను. ఇంక దాచుకోలేక మొదలుపెట్టాను.

"టెన్త్‌లో సంత నుంచి నేనొక కబురు తెచ్చాను, గుర్తుందా..."

అది గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఆ మాటెత్తకు."

"ఇంకా కోపముందా?"

"కోపమేటి? తినీసినాం కదే ఆ రోజు. మళ్ళీ ఎత్తితే నాకు తప్పంటుకుంటాది."

"అది నాటకం కదే. లడ్డుని చంపినందుకు కదా తిన్నాం."

లెక్క తప్పు చేసిన చిన్నపిల్లని చూసినట్టు నన్ను చూసింది. అంత పెద్ద గొంతూ తగ్గించి, "లడ్డుకి నానేటి సుట్టాన్నా? నీ ఎదర ఎందుకొచ్చి కూకున్నాననుకున్నావు?" అంది.

ప్రింటరు దానంతటదే కదిలి కాగితం బయటికి తోసింది. అది కాగితం తీసుకుని, పేరు సరిచూసుకుని, మడిచి సంచిలో పెట్టుకుంది. అప్పుడు గానీ దానికి అసలు విషయం తట్టలేదు. "ఓసి, అయితే ఇన్నేళ్ళూ మోస్తన్నావేటి?" అంది. తల ఊపాను. పాపం అన్నట్టు నా చెయ్యి తట్టింది, తొందరేం లేకుండా, మెల్లగా. "బంగారం లాటి కూడు. దండగ సేసీసినావే," అంది.

అది వెళ్ళిపోయాక కిటికీ తలుపు దగ్గరికి వేసి కాసేపు ఏడ్చాను. బాగానే ఏడ్చాననుకుంటాను, పొడుగు సిస్టర్ ఉంటే మెచ్చుకునేది. తర్వాత నవ్వొచ్చింది. అది ఒక్క మధ్యాహ్నం మోసి దింపేసిన దాన్ని, నేను తెలివైనదాన్ని కాబట్టి పదిహేనేళ్ళ పైన మోశాను. రిబ్బన్లు పెట్టుకుని ముందు వరసలో నిలబడిన ఆ మేస్టారి గుంట ఇప్పుడు కనిపిస్తే తిట్టాలనిపించడం లేదు. దాని పక్కన కూర్చుని, ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తినవే అని చెప్పాలనుంది.